కరెంట్ పోయినప్పుడే హాయిగా ఉందన్నారు: ఒక రీడింగ్ హాల్ లైటింగ్ కేసు

కోస్తాలో ఒక జిల్లా కేంద్రం, అక్కడ పబ్లిక్ లైబ్రరీలో రీడింగ్ హాల్. ఊరి పేరు చెప్పను, మనుషుల్ని గుర్తుపట్టకుండా ఒకటి రెండు వివరాలు తీసేశాను, కొలతలు మాత్రం నా నోట్‌బుక్‌లో రాసుకున్నవే. నేను చేసేది బిల్డింగులకి లైటింగ్ డిజైన్, ఎక్కువగా ఆఫీసులు, ఆస్పత్రులు. ఈ లైబ్రరీ పని చిన్నది, ఫీజు దానికన్నా చిన్నది, కానీ నేను ఇంత తప్పుగా మొదలుపెట్టిన పని ఇంకోటి లేదు. సమాధానం మొదటి రోజే నెత్తిమీద వేలాడుతోంది, నేను చూసి కూడా పట్టించుకోలేదు. అందుకే రాస్తున్నా.

హాల్ ఎలా ఉండేదంటే

24 మీటర్ల పొడవు, 11 మీటర్ల వెడల్పు, స్లాబ్ ఎత్తు 3.9 మీటర్లు. పాతకాలం బిల్డింగ్ కాబట్టి ఎత్తు బాగానే ఉంది. పొడవు తూర్పు పడమరలుగా. ఉత్తరం గోడకి ఆరు పెద్ద కిటికీలు, దక్షిణం వైపు వరండా, పడమర గోడకి రెండు కిటికీలు. మధ్యలో పొడవునా నాలుగు వరసల బల్లలు, ఎదురెదురుగా కూర్చుంటారు, 120 సీట్లు. నోటిఫికేషన్ పడితే 150 మంది కూడా సర్దుకుంటారు. గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్, బ్యాంక్, అన్ని బ్యాచ్‌లూ అక్కడే. పొద్దున 7కి తాళం తీస్తే రాత్రి 10కి వేస్తారు. కొంతమంది పిల్లలు క్యారేజీ తెచ్చుకుని పన్నెండు గంటలు అదే కుర్చీలో ఉంటారు. మామూలు ఆఫీసుకీ దీనికీ తేడా ఇక్కడే. ఆఫీసులో మనిషి లేస్తాడు, మీటింగ్‌కి వెళ్తాడు, స్క్రీన్ చూస్తాడు, ఇక్కడ తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలు, పొద్దున్నుంచి రాత్రి దాకా.

నేను వెళ్ళడానికి రెండేళ్ళ ముందు అక్కడ ఎనర్జీ సేవింగ్ కింద లైట్లన్నీ మార్చేశారు. అంతకుముందు 36 వాట్ల ట్యూబ్‌లైట్లు 40 ఉండేవి, కాపర్ చోక్ తినేది కూడా కలిపితే ఒక్కోటి 50 వాట్ల దాకా లాగేది, అంటే మొత్తం 2 కిలోవాట్లు. వాటి స్థానంలో 36 వాట్ల ఎల్‌ఈడీ ప్యానెళ్ళు, రెండడుగులు బై రెండడుగులవి, 36 పెట్టారు. 1.3 కిలోవాట్ల లోపే. రోజుకి 15 గంటల లెక్కన 30 యూనిట్లు కాస్తా 19న్నర అయ్యాయి. కాగితం మీద చూస్తే మంచి పనే, ఎవరూ తప్పు పట్టలేరు.

వాళ్ళు చెప్పిన సమస్య, నాకు కనిపించిన సమస్య

నాకు వచ్చిన ఉత్తరంలో ఒకటే లైను: వెలుతురు సరిపోవడం లేదని పాఠకులు ఫిర్యాదు చేస్తున్నారు, లైట్లు ఎన్ని పెంచాలో చెప్పగలరు. ఎన్ని పెంచాలో అని ముందే రాసేశారు చూడండి. మన దగ్గరకొచ్చే కేసుల్లో సగం ఇలాగే ఉంటాయి, మందు పేరు వాళ్ళే రాసుకొస్తారు, డోసు మనం చెప్పాలి.

వెళ్ళింది మే నెల. హాల్లోకి అడుగుపెట్టగానే వింతగా అనిపించింది, బయట ఎండ మండిపోతోంది, లోపల 16 ఫ్యాన్లలో ఏడు ఆపేసి ఉన్నాయి. పిల్లలు చెమటలు కక్కుతూ చదువుతున్నారు. ఒక బల్ల దగ్గర చిన్న గొడవ కూడా జరుగుతోంది, ఒకడు ఫ్యాన్ వేస్తాడు, ఎదురుగా ఉన్న అమ్మాయి లేచి వెళ్ళి ఆపేస్తుంది. నేను పేపర్లు ఎగురుతున్నాయేమో అనుకున్నా. అదే నేను చేసిన మొదటి తప్పు, అడిగి ఉంటే ఆ రోజే తేలిపోయేది.

ఇంకో ఇద్దరు ముగ్గురు ఛార్జింగ్ లాంపులు తెచ్చుకున్నారు. వరండాలో మెట్ల మీద పదిమంది కూర్చున్నారు. లైబ్రేరియన్ మేడమ్ ఏమన్నారంటే, "సాయంత్రానికి తలనొప్పి అంటారండీ, కళ్ళు గుంజుతున్నాయంటారు, డాక్టర్ దగ్గరకి వెళ్తే సైట్ లేదన్నాడట."

లక్స్ మీటర్ (ఒక చోట ఎంత వెలుతురు పడుతోందో లక్స్ అనే అంకెల్లో చూపించేది) తీసి బల్ల ఎత్తులో, అంటే నేలనుంచి 75 సెంటీమీటర్ల దగ్గర, 60 పాయింట్లు కొలిచా. ఫోన్‌లో లక్స్ యాప్‌లు ఉంటాయి గానీ ఒక ఫోన్‌కీ ఇంకో ఫోన్‌కీ పొంతన ఉండదు, ఇలాంటి పనికి పనికిరావు. సగటు 240 వచ్చింది. ప్యానెల్ కింద 410, గోడ పక్క సీట్లలో 85. మన దేశపు లైటింగ్ స్టాండర్డ్ ఐఎస్ 3646లో చదివే బల్లలకి 200, 300, 500 అని మూడు అంకెలుంటాయి, మామూలుగా మధ్యది తీసుకోవాలి, పని మరీ కష్టమైనదో తప్పు జరిగితే నష్టం ఎక్కువో అయితే పైది, తేలికైనదైతే కిందది. యూరప్ స్టాండర్డ్ లైబ్రరీ రీడింగ్‌కి నేరుగా 500 అంటుంది. ఏ లెక్కన చూసినా 85 లక్స్ సీటు తప్పే. కానీ విచిత్రం ఏంటంటే తలనొప్పి అన్నవాళ్ళలో ఎక్కువమంది 85 దగ్గర కూర్చునేవాళ్ళు కాదు, హాల్ మధ్యలో 350, 400 ఉన్నచోట కూర్చునేవాళ్ళు. నోట్‌బుక్‌లో ఈ మాట రాసుకుని పక్కన ప్రశ్నార్థకం పెట్టుకున్నా, అంతే, దాని గురించి మళ్ళీ ఆలోచించలేదు.

స్లాబ్‌కి అక్కడక్కడా కోసేసిన ఇనుప పైపు ముక్కలు వేలాడుతున్నాయి, అరడుగు అరడుగు. ఫొటో కూడా తీశా. పాత ఫ్యాన్లవి అయ్యుంటాయి అనుకుని వదిలేశా.

మొదటి అనుమానం ఎల్‌ఈడీ డ్రైవర్ మీద

తలనొప్పి, కళ్ళు లాగడం అనగానే లైటింగ్ వాళ్ళకి ముందు గుర్తొచ్చేది ఫ్లికర్. మన కరెంట్ 50 హెర్ట్జ్, చవక డ్రైవర్ (ఎల్‌ఈడీకి తగ్గట్టు కరెంట్‌ని మార్చి ఇచ్చే చిన్న పెట్టె) ఉన్న ఎల్‌ఈడీ సెకనుకి 100 సార్లు మిణుకుతుంది, కంటికి కనపడదు గానీ కొంతమందికి ఇబ్బంది చేస్తుంది. ఐఈఈఈ 1789 అని 2015లో వచ్చిన గైడ్ ప్రకారం 100 హెర్ట్జ్ దగ్గర ఆ హెచ్చుతగ్గులు 8 శాతం లోపుంటే రిస్క్ తక్కువ కింద లెక్క. ఫోన్ స్లోమోషన్‌లో పెట్టి ప్యానెల్ వైపు చూపించా, నల్ల చారలు పరుగులు పెడుతున్నాయి. ఇంకేముంది, దొంగ దొరికాడు అనుకున్నా.

తూర్పు మూలలో నాలుగు ప్యానెళ్ళకి మంచి డ్రైవర్లు పెట్టించి మూడు వారాలు చూశాం. అక్కడ కూర్చున్నవాళ్ళని ఎలా ఉందని అడిగితే కొందరు బాగుందన్నారు, కొందరు అంతే ఉందన్నారు, ఒకబ్బాయి "మీరేం మార్చారు సార్?" అన్నాడు. డ్రైవర్లు నిజంగానే చెడ్డవి, మార్చాల్సినవే, కానీ రోగం అది కాదు.

మూడో వారం నేను అక్కడున్న రోజు మధ్యాహ్నం రెండింటికి కరెంట్ పోయింది. ఇన్వర్టర్ మీద లైట్లు సగం వెలిగాయి, ఫ్యాన్లు దానికి కలపలేదు కాబట్టి ఆగిపోయాయి. హాలంతా ఉస్సురంటారేమో అనుకుంటే ఒకబ్బాయి పక్కవాడితో నవ్వుతూ అన్నాడు, "హమ్మయ్య, కరెంట్ పోయినప్పుడే హాయిగా ఉంటదిరా." నేను దగ్గరకెళ్ళి ఏం తమ్ముడూ, చెమట పోయట్లేదా అంటే, "పోస్తది సార్, కానీ పేపర్ కుదురుగా ఉంటది" అన్నాడు.

పేపర్ కుదురుగా ఉండటం ఏంటి? పావుగంటకి కరెంట్ వచ్చింది, ఫ్యాన్లు మెల్లగా మొదలయ్యాయి, అతని ఓఎంఆర్ ప్రాక్టీస్ షీట్ మీద ఒక నీడ ఇటునుంచి అటు వెళ్ళింది, తర్వాత ఇంకోటి, తర్వాత వేగం అందుకుని కాగితం మొత్తం సన్నగా వణకడం మొదలుపెట్టింది. నీడలుగా ఇక కనపడవు, ఒక రకం మినుకుగా ఉంటుంది, అంతే. నేను అతని పక్క కుర్చీలో పది నిమిషాలు కూర్చున్నా. అప్పటిదాకా ఆ హాల్‌లో నేను నిలబడి కొలిచానే గానీ కూర్చుని ఒక్క పేజీ చదవలేదు.

లెక్క వేస్తే సింపుల్. ప్యానెళ్ళు స్లాబ్‌కి అంటి 3.8 మీటర్ల ఎత్తులో ఉన్నాయి, ఫ్యాన్ రెక్కలు 2.75 దగ్గర తిరుగుతున్నాయి. లైటు పైన, ఫ్యాన్ కింద, మనిషి ఇంకా కింద. మూడు రెక్కల ఫ్యాన్ నిమిషానికి 320 తిరిగితే సెకనుకి 16 సార్లు వెలుతురుని కోస్తుంది. రెగ్యులేటర్ రెండు మీద పెడితే 200 తిరుగుడు, అంటే సెకనుకి 10 సార్లు. మనిషి కన్ను మినుకుని బాగా పట్టేసేది సరిగ్గా ఈ పది, ఇరవై మధ్యలోనే. నేను 100 హెర్ట్జ్ ఫ్లికర్ వెనక పడి తిరుగుతుంటే 16 హెర్ట్జ్ ఫ్లికర్ నా నెత్తిమీద బహిరంగంగా తిరుగుతోంది. మధ్య సీట్లవాళ్ళకే తలనొప్పి ఎందుకో కూడా తేలిపోయింది, ఫ్యాన్లు రెండు వరసలూ మధ్యలోనే ఉన్నాయి, గోడ పక్కవాడికి వెలుతురు తక్కువే గానీ వణకని వెలుతురు.

అప్పుడు అటెండర్ని అడిగా, రిటైర్‌మెంట్‌కి దగ్గరలో ఉన్నాయన, అందరూ బాబాయ్ అంటారు. బాబాయ్, ఆ పైపు ముక్కలేంటి అని. "అవి పాత ట్యూబ్‌లైట్లవి బాబూ. బల్లల మీదకి కిందదాకా వేలాడేవి. ఇవి పెట్టేటప్పుడు చూడ్డానికి బాలేదని కోసేశారు."

అంటే ఆ బిల్డింగ్ కట్టినప్పుడెప్పుడో ఎవరో మేస్త్రీయో ఎలక్ట్రీషియనో లైటు ఫ్యాన్ కిందకి ఉండాలని తెలిసే పెట్టాడు. కొత్తవి పెట్టినవాళ్ళు వాట్లు చూశారు, లైటు ఎక్కడుందో చూడలేదు. వాళ్ళని అనడం ఎందుకు, నేనూ ఫొటో తీసుకుని మరీ వదిలేశాను కదా.

ఏమేం వద్దనుకున్నాం, ఏమేం పెట్టి చేతులు కాల్చుకున్నాం

ఫ్యాన్లని పైకి జరిపేద్దాం అన్నారు ఒకరు. డౌన్‌రాడ్ కురచ చేస్తే రెక్క స్లాబ్‌కి దగ్గరైపోయి గాలి తగ్గుతుంది, పైగా లైటు ఇంకా పైనే ఉంటుంది కాబట్టి కోత ఆగదు. వద్దు. గోడ ఫ్యాన్లు అన్నారు, పేపర్లు ఎగిరిపోతాయి. ప్రతి సీటుకీ టేబుల్ లాంప్ అన్నది నా సరదా ఐడియా, పాత పెద్ద లైబ్రరీల ఫొటోల్లో ఉంటాయి కదా ఆ ఊహ. ఒక బల్లకి నెల రోజులు పెట్టి చూశాం. నెలాఖరుకి ఎనిమిదింటిలో మూడింటికి మెడ విరిగింది, ప్లగ్ పాయింట్లన్నీ ఫోన్ ఛార్జర్లకి పోయాయి, పుస్తకాలు పెట్టుకునే చోటు లాంప్ తినేసిందని గొణుగుడు. సరే, తీసేశాం.

మోషన్ సెన్సర్ల కథ మాత్రం కాస్త చెప్పాలి. ఎనర్జీ కూడా తగ్గించాలి కదా అని మనిషి లేనిచోట లైటు ఆరిపోయేలా పీఐఆర్ సెన్సర్లు నేనే రాశా, పది నిమిషాల టైమర్‌తో. ఆఫీసుల్లో ఎప్పుడూ రాస్తాం, చేయి అలవాటు. పీఐఆర్ కదలికని పట్టుకుంటుంది, వేడి మనిషి ఒకచోటు నుంచి ఇంకోచోటుకి కదిలితేనే దానికి తెలుస్తుంది. ఇండియన్ పాలిటీ చదువుకుంటున్నవాడు పది నిమిషాల్లో కదిలేదేంటి, పేజీ తిప్పడం తప్ప. రాత్రి 8 తర్వాత హాల్ పల్చబడగానే లైట్లు ఆరిపోవడం, వాళ్ళు చేతులు పైకెత్తి ఊపడం, మళ్ళీ వెలగడం. మూడు రోజులు నవ్వుకున్నారు, నాలుగో రోజు వెళ్లి చూస్తే సెన్సర్ల మీద మెడికల్ ప్లాస్టర్ అంటించి ఉంది. ఎవరు అంటించారో నేను అడగలేదు, బాబాయ్ చెప్పలేదు. వాటిని విప్పించి బాత్రూములకీ పాత పుస్తకాల స్టాక్ రూముకీ మార్పించా, అక్కడ ఇప్పటికీ బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి.

లైటు కిందకి దించడం అంత తేలిక కాదు

నిర్ణయం అయితే అయింది, లైటు ఫ్యాన్ కిందకి రావాలి. నాలుగు బల్లల వరసలకీ సరిగ్గా నడుం మీదుగా, 2.45 మీటర్ల ఎత్తులో, 20 వాట్ల లీనియర్ లైట్లు వరసకి 14 చొప్పున 56. ఫ్యాన్లు వరసల మధ్య నడవల మీద ఉన్నాయి కాబట్టి తగలవు. ముందు ఒక్క వరస శాంపిల్ వేశాం, మంచిదైంది, ఎందుకంటే రెండు తప్పులు బయటపడ్డాయి.

ఒకటి, వైర్‌తో వేలాడదీశాం, షోరూముల్లో లాగా. ఫ్యాన్ గాలికి అవి ఊగాయి. లైటు ఊగితే పేజీ మీద నీడ ఊగుతుంది, తిప్పి తిప్పి అదే గొడవకి వచ్చాం. లోకల్ వెల్డర్‌తో జీఐ పైపు రాడ్లు చేయించి, పాత పైపు ముక్కల దగ్గరే బిగించాం. పాత హుక్కుల్లో కదలకుండా గట్టిగా ఉన్నవి చాలావరకు అక్కరకొచ్చాయి, స్లాబ్‌లో కొత్త కన్నాలు పెద్దగా కొట్టాల్సిన పనిలేకపోయింది.

రెండోది గ్లేర్. బోడి బ్యాటెన్‌లు, అంటే ఏ అడ్డూ లేని పట్టీ లైట్లు పెట్టా, ధర తక్కువని. తన నెత్తిమీద ఉన్న లైటు ఎవరికీ ఇబ్బంది లేదు, అవతలి వరసలో ఉన్నది తల ఎత్తితే కళ్ళలోకి కొడుతోంది, ఎదురెదురుగా కూర్చుంటారు కాబట్టి లైటు పొడవంతా అడ్డంగా కనిపిస్తుంది. రెండు రోజుల్లో క్యాపులు పెట్టుకొచ్చారు పిల్లలు, క్రికెట్ గ్రౌండులో లాగా. రీడింగ్ హాల్‌కి యూజీఆర్ అనే గ్లేర్ లెక్క 19 దాటకూడదంటారు, సాఫ్ట్‌వేర్‌లో వేస్తే మాది హాయిగా దాటేసింది. పక్కలకి రెక్కల్లాంటి అడ్డు ఉండి లోపలికి దిగిన లైటున్న రకానికి మారాం. ఒక్కోటి దాదాపు రెట్టింపు రేటు. మేడమ్ దగ్గర డబ్బులు లేవు, ఇక్కడ గట్టిగా పట్టుబట్టా, కావాలంటే పెయింట్ ఖర్చు తగ్గిద్దాం, ఇది మాత్రం తగ్గించొద్దు అని. ఎందుకంటే పెయింట్ వచ్చే ఏడు వేసుకోవచ్చు, లైటు ఇంకో పదేళ్ళు మారదు.

బల్లల మీద అద్దాల సంగతి ఒకటుంది. ప్రతి బల్లకీ అద్దం, దాని కింద రూల్స్ కాగితాలు, సిలబస్‌లు. పాత ప్యానెళ్ళ ప్రతిబింబం ఆ అద్దంలోనూ, మెరిసే గైడు కాగితం మీదా పడి అక్షరాలు తెల్లగా కడుక్కుపోయేవి. అద్దాలు తీసేయండి అంటే మేడమ్ ససేమిరా అన్నారు, సిరా మరకలు పడతాయని. సరేనని కాగితం మీద అడ్డుకోత గీసి చూసుకున్నా. స్లాబ్ ఎత్తులో రెండు మీటర్లు ముందుకున్న ప్యానెల్ ప్రతిబింబం సరిగ్గా పుస్తకం పెట్టుకునే చోట, అంచు నుంచి జానెడు లోపలికి పడుతుంది. కిందకి దించిన లైటు అయితే నెత్తిమీదది బల్ల అంచు దగ్గర పడుతుంది, పక్క వరసది బల్ల నడిమధ్యలో పడుతుంది, పుస్తకం రెండింటి మధ్యా సేఫ్. ఇది నేను తెలివిగా చేసింది కాదు, ఫ్యాన్ కోసం దించితే ఇది కూడా కలిసొచ్చింది. అద్దాలు అలాగే ఉన్నాయి.

లైట్లన్నీ కిందకి వచ్చేసరికి పై సగం చీకటైపోయింది, గుహలో కూర్చున్నట్టు. బల్ల మీద 340 లక్స్ ఉన్నా తల ఎత్తితే చీకటి కనపడితే జనం మళ్ళీ వెలుతురు లేదనే అంటారు. వేలాడే లైట్ల నుంచే కాస్త పైకి కూడా కొట్టిద్దామంటే ఆ వెలుతురు ఫ్యాన్ దాటి వెళ్ళాలి, స్లాబ్ మీద రెక్కల నీడలు గిరగిరా తిరుగుతాయి. అందుకని గోడలకి 3.1 మీటర్ల ఎత్తులో, అంటే రెక్కల పైన, 15 వాట్ల అప్‌లైట్లు పది పెట్టాం, అవి పైకే కొడతాయి. స్లాబ్ నుంచి తిరిగొచ్చే మెత్తటి వెలుతురు రెక్కల గుండానే వస్తుంది, నిజమే, కానీ మొత్తంలో అది చిన్న భాగం, అన్ని వైపుల నుంచీ వస్తుంది కాబట్టి కాగితం మీద మినుకు తెలియదు.

పెద్దగా ఖర్చు లేని పనులు

గోడలకి అడుగున అయిదడుగుల దాకా ముదురాకుపచ్చ ఆయిల్ పెయింట్ ఉండేది, మురికి కనపడకుండా. అది వెలుతురుని మింగేస్తుంది. లేత క్రీమ్ వేయించాం, అది కూడా ఉతికే రకమే. ఉత్తరం కిటికీల్లో మూడింటికి అడ్డంగా స్టీలు బీరువాలు పెట్టి ఉన్నాయి. ఉత్తరం వెలుతురు అంటే ఎండ పెద్దగా పడని, రోజంతా నిలకడగా ఉండే వెలుతురు, కాసులిచ్చి కొనలేం, దానికి బీరువా అడ్డం! వాటిని పడమర గోడకి జరిపించాం, అక్కడ సాయంత్రం ఎండ కళ్ళలో కొట్టేది, ఆ గొడవా పోయింది. పుస్తకాలు వేడికి పాడైపోవా అని మేడమ్ అడిగారు, సరైన ప్రశ్నే, పడమర చెక్క తలుపులు మూసేసి బీరువాకీ గోడకీ మధ్య అడుగు ఖాళీ వదిలాం. లైట్లు ఇంకా మార్చకముందే గోడపక్క సీటు 85 నుంచి 120 అయ్యింది.

పేపర్లు చదివే బల్లలు లోపల చీకటి మూలన ఉండేవి, అవి తెచ్చి ఉత్తరం కిటికీల దగ్గర వేశాం. అక్కడికొచ్చేది పెన్షనర్లు. అరవై దాటిన కంట్లో వెలుతురు ఇరవై ఏళ్ళవాడి కంట్లోకి వెళ్ళేదాంట్లో మూడో వంతు మాత్రమే లోపలికి చేరుతుందంటారు, ఎక్కువ లక్స్ కావాల్సింది వాళ్ళకి. పగలు అక్కడ 450 పైనే ఉంటుంది, కరెంట్ ఖర్చు సున్నా.

స్విచ్‌బోర్డు

లెక్క చూస్తే లోడ్ ఏం తగ్గలేదు. పాత ప్యానెళ్ళు 1296 వాట్లు, ఇప్పుడు 1120, అప్‌లైట్లు 150, మొత్తం 1270. ఆ మీటింగ్‌లో ఒకాయన, "మరి సేవింగ్ ఏదండీ?" అన్నారు. సేవింగ్ వాట్లలో లేదు, గంటల్లో ఉంది అని చెప్పడానికి వాళ్ళని స్విచ్‌బోర్డు దగ్గరకి తీసుకెళ్ళాల్సి వచ్చింది.

పాత వైరింగ్ ఎలా ఉందంటే ఒక్కో స్విచ్ హాల్‌ని అడ్డంగా, ఉత్తరం కిటికీ నుంచి దక్షిణం వరండా దాకా ఒక పట్టీగా వెలిగిస్తుంది. పగలు కిటికీ పక్క లైటు అక్కర్లేదు, కానీ అది ఆపితే మధ్యలోవాడిది కూడా ఆరిపోతుంది, కాబట్టి ఎవ్వరూ ఏదీ ఆపరు, పొద్దున్నుంచి రాత్రి దాకా అన్నీ వెలుగుతాయి. మన ఊళ్ళలో గవర్నమెంట్ బిల్డింగులు, స్కూళ్ళు, నేను చూసినవాటిలో చాలావరకు ఇదే వైరింగ్. పొడవునా మార్పించాం, వరసకో స్విచ్. పెయింటర్‌తో వాటి కింద తెలుగులో రాయించాం: కిటికీ వరస, నడిమి వరస ఒకటి, నడిమి వరస రెండు, వరండా వరస, గోడ లైట్లు.

డేలైట్ సెన్సర్ పెట్టి ఆటోమేటిక్ డిమ్మింగ్ చేయొచ్చు కదా అని నా ఆఫీసులో జూనియర్ అడిగాడు. చేయొచ్చు. 100 కిలోవాట్ల పైన లోడ్ ఉన్న బిల్డింగ్ అయితే ఎనర్జీ ఆదా కోసం ఉన్న బిల్డింగ్ కోడ్ (ఈసీబీసీ) కిందకి వస్తుంది, అప్పుడు చాలావరకు చేయాల్సిందే కూడా. ఇది దానికి ఆమడ దూరంలో ఉన్న బిల్డింగ్. డిమ్మింగ్ డ్రైవర్ పోతే ఆ ఊళ్ళో దొరకదు, కంట్రోలర్ సెట్టింగ్ పోతే హైదరాబాద్ నుంచి మనిషి రావాలి, ఈలోగా ఎలక్ట్రీషియన్ బైపాస్ చేసేస్తాడు, చేయాలి కూడా, పాపం చదువుకునేవాళ్ళు ఆగరు కదా. ఇక్కడ రోజూ పొద్దున తలుపు తీసి స్విచ్ వేసే మనిషి ఉన్నాడు. ఆయనకి అర్థమయ్యే బోర్డు ఇస్తే చాలు అనిపించింది.

ప్లాన్ ప్రకారం పగలు తొమ్మిది గంటలు కిటికీ వరసా గోడ లైట్లూ ఆపాలి, వరండా వరస పది నుంచి నాలుగు దాకా. అలా చేస్తే రోజుకి పదమూడున్నర యూనిట్లు. సబ్‌మీటర్‌లో నెల సగటు 15 దగ్గర తేలింది, మబ్బు పట్టిన రోజులు, మర్చిపోయిన రోజులు కలుపుకుని. పాత 19న్నరతో చూస్తే బాగానే ఉంది. నిజం చెప్పాలంటే అంతకన్నా ఎక్కువ మిగిల్చింది ఫ్యాన్లు. ఎలాగూ నిచ్చెన వేశాం కదా అని డబ్బులు సరిపోయినన్ని, ఎనిమిది ఫ్యాన్లు, బీఎల్‌డీసీవి, అంటే తక్కువ కరెంట్ తినే మోటారువి పెట్టించా, 75 వాట్ల చోట 30. ఎనిమిదింటికి రోజుకి అయిదు యూనిట్ల పైన. లైటింగ్ వాణ్ణి, ఈ మాట రాయాలంటే కొంచెం నామోషీగానే ఉంది.

కొనుగోలు

దీని గురించి ఎక్కువ రాయను. తక్కువ కోట్ వేసినవాడికే పని, స్పెసిఫికేషన్‌లో చివర "లేదా తత్సమానం" అని ఉంటుంది, ఆ తత్సమానంలోనే అన్నీ జరిగిపోతాయి. ఈసారి వాట్లతో పాటు ల్యూమెన్లు (లైటు ఇచ్చే మొత్తం వెలుతురు), దాన్ని కొలిచి చూపించే ఎల్ఎం-79 టెస్ట్ రిపోర్ట్, ఫ్లికర్ 8 శాతం లోపు అని రాయించి, శాంపిల్ మేడమ్ ముందే ఫోన్ స్లోమోషన్‌లో చూశాకే లాట్ దించాలని పెట్టించా. మొదటి లాట్‌లో చారలు కనపడ్డాయి, తిప్పి పంపారు. లైటింగ్ గురించి ఏమీ తెలియని మేడమ్ ఆ ఫోన్ టెస్ట్ మాత్రం నాకన్నా శ్రద్ధగా ప్రతి డబ్బాకీ చేశారు.

రంగు మీద మాత్రం పెద్ద వాదన జరిగింది. నేను 4000 కెల్విన్, అంటే తెలుపులో కాస్త పసుపు కలిసిన రంగు అన్నా, రాత్రి పదిదాకా కూర్చునేవాళ్ళకి కంటికి మెత్తగా ఉంటుందని. పిల్లలు ఎదురుగా చూసి "పసుపు లైటా సార్, పెళ్ళిలో లాగా" అన్నారు. రెండు బల్లల మీద రెండు రంగులూ వారం పెట్టి చూపించా, సగం సగం చీలిపోయారు. చివరికి నా మాటే నెగ్గింది, కానీ ఆ ఊరి షాపుల్లో దొరికేదంతా 6500 తెల్లలైటే, ఒకటి పోతే తెచ్చి అదే పెడతారు, అతుకులబొంత అవుతుందని ఆరు స్పేర్లు కొనిపించి బీరువాలో పెట్టించా.

పదకొండు నెలల తర్వాత

ఇంకోపని మీద అటువైపు వెళ్తూ ఆగా. ఏప్రిల్ నెల, ఫ్యాన్లు పదహారూ తిరుగుతున్నాయి. ఛార్జింగ్ లాంపు ఒక్కటి కూడా కనపడలేదు. బల్లల మీద 340 ఉండాల్సింది 270 చూపించింది, కంగారుపడి పైకి చూస్తే లైట్ల రెక్కల మీద వేలు పెడితే గీత పడేంత దుమ్ము. బాబాయ్ బల్లెక్కి పొడిగుడ్డతో ఒక వరస తుడిచారు, 320కి వచ్చింది. పాతవాటికైతే నిచ్చెన కావాలి, అందుకే రెండేళ్ళూ ఎవరూ ముట్టుకోలేదట. ఆరు నెలలకోసారి తుడవమని బోర్డు పక్కనే రాయించమన్నా. ఇప్పుడు ఏ పని ఒప్పుకున్నా డిజైన్‌లో దుమ్ము లెక్క కాస్త ఎక్కువే వేసుకుంటున్నా, మొదటి రోజు మీటర్ తీయకముందు అరగంట కూర్చుని ఏదైనా చదువుతున్నా, స్లాబ్‌కి వేలాడే ప్రతి ముక్క గురించీ అక్కడ పాతకాపు ఎవరున్నారో వాళ్ళని అడుగుతున్నా.

నడిమి వరస రెండులో ఏడో లైటు తెల్లగా, మిగతావాటి మధ్య పన్ను ఊడిన చోట కొత్త పన్నులా కనిపించింది. స్పేర్ ఉంది కదా బాబాయ్ అన్నా. "ఉన్నాయి బాబూ బీరువాలో. తాళం మాత్రం పాత మేడమ్ గారి దగ్గర ఉండిపోయింది, ఆవిడకి ట్రాన్స్‌ఫర్ అయ్యింది" అన్నారు. ఆ తెల్ల లైటు కింద కూర్చున్న అబ్బాయిని ఎలా ఉంది తమ్ముడూ అని అడిగితే, సీటు కోసమే పొద్దున ఆరున్నరకి వచ్చి లైన్లో నిలబడ్డానన్నాడు.